యుద్ధము, గుండె జబ్బు, బియ్యపు తవుడు

పంతొమ్మిదవ శతాబ్దం చివరివరకూ జరిగిన యుద్ధాల చరిత్ర చూస్తే, తుపాకి గుండుకు బలి అయినవారికంటె రోగాలకు బలి అయినవారే ఎక్కువమంది అని తెలుస్తుంది. కలరా, రక్తవిరేచనాలు, టైఫసు, మశూచి మొదలైనవి సైన్యాల వెంటనే నడిచినవి. ఇవన్నీ సూక్ష్మజీవుల వలన కలిగే వ్యాధులు. ఐతే సైనికుల వెంట, ఖైదీల వెంట, కాందిశీకుల వెంట నడిచిన వ్యాధి మరొకటి ఉన్నది. దానిని మోసుకువచ్చే క్రిమి లేదు. అది అన్నపు కుండలోనుంచే వచ్చింది. దిట్టమైన యువకుల గుండెను పట్టి, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు రోజులలోనే ప్రాణం తీసింది. దాని పేరు బెరిబెరి.

ఈ వ్యాధి చరిత్ర మనకు దూరపు కథ కాదు. తెలుగు కోస్తా జిల్లాలు ఒకనాడు దీనికి పేరుపడ్డ నివాసం. దీనికి మందును మొదట కృత్రిమంగా తయారుచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు నెల్లూరులో పుట్టినవాడు. దీనిని పరిశోధించడానికి నెలకొల్పిన చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై హైదరాబాదుకు వచ్చింది. దీనిని అడ్డగించే ఉప్పుడు బియ్యం మిర్యాలగూడ మిల్లులలో లారీలకొద్దీ తయారవుతుంది. కనుక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల విద్యార్థికి ఇది ఇంటి కథే.

గుండెకు ఏమి జరుగుతుంది?

మనం తినే అన్నంలోని పిండిపదార్థం జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. జీవకణాలు దానిని మెట్టు మెట్టుగా విడగొట్టి శక్తిని పొందుతవి. ఈ మార్గంలో పైరూవిక్ ఆమ్లం అనే మెట్టు ఒకటి ఉన్నది. అది దాటడానికి థయామిన్ అనే పదార్థం, అనగా బి–1 విటమిను, సహాయం కావాలి. థయామిన్ చాలకపోతే ఇంధనం ఉన్నా పొయ్యి మండదు. పైరూవిక్ ఆమ్లము, లాక్టిక్ ఆమ్లము రక్తంలో పేరుకుంటవి.

దేహంలో విశ్రాంతి ఎరుగని కండరం గుండె. చేతికండరం పని ఆపి సేదదీరగలదు, గుండెకు ఆ వీలు లేదు. కనుక శక్తి కరువు దానికి ముందుగా తగులుతుంది. ఇదే సమయంలో చిన్న రక్తనాళాలు వదులై వెడల్పవుతవి. రక్తం వాటిలో వేగంగా పారి గుండెకు తిరిగి వస్తుంది, అంత రక్తాన్నీ గుండె మళ్ళీ తోడిపోయవలసి వస్తుంది. బలం తగ్గిన ఎద్దుకు బరువు పెంచినట్లవుతుంది. గుండె ఉబ్బుతుంది, కాళ్ళు నీరు పడతవి, ఆయాసం వస్తుంది. దీనిని తడి బెరిబెరి అంటారు. గుండె హఠాత్తుగా చేతులెత్తేసే తీవ్రరూపానికి జపానువారు 'షోషిన్' అని పేరు పెట్టారు. నరాలు దెబ్బతిని కాళ్ళు చచ్చుపడే మరొక రూపం పొడి బెరిబెరి.

దీనికి విరుగుడు చెబితే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయాసంతో మంచం పట్టిన తడి బెరిబెరి రోగికి థయామిన్ సూదిమందు ఇస్తే కొన్ని గంటలలోనే గుండె తేరుకోవడం మొదలవుతుంది. గుండె జబ్బులలో ఇంత త్వరగా, ఇంత చౌకగా నయమయ్యేది అరుదు. నివారించడం మరింత సులభం. మనిషికి కావలసినది రోజుకు ఒక మిల్లీగ్రాముకు కాస్త పైన మాత్రమే. ఐతే దేహంలో దీని నిల్వ ముప్పై మిల్లీగ్రాములకు మించదు. ఆహారంలో థయామిన్ ఆగిపోతే రెండు మూడు వారాలలో ఆ నిల్వ అడుగంటుతుంది. ముట్టడిలో చిక్కిన కోటకు, జైలుకు, శరణార్థి శిబిరానికి ఈ వ్యాధి అంత త్వరగా రావడానికి కారణం ఇదే.

సర్కారు జిల్లాల సిపాయిలు

మద్రాసు సైన్యపు వైద్యశాఖలో పనిచేసిన మాల్కంసన్ 1835లో బెరిబెరి చరిత్రను, చికిత్సను గూర్చి ఒక గ్రంథం ప్రకటించాడు. ఆనాడు మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి ఉత్తర సర్కారులలో, అనగా గంజాం మొదలు కృష్ణాతీరం వరకు గల కోస్తాలో, విశేషంగా కనిపించేది. దండులలోని సిపాయిలు, జైళ్ళలోని ఖైదీలు దీనికి గురి అయ్యేవారు. అప్పటికి సూక్ష్మజీవుల సిద్ధాంతమూ లేదు, విటమినుల ఊహా లేదు. గాలి, తేమ, నేల, నీరు – ఇలా ఎన్నో కారణాలు చెప్పుకున్నారు. కారణం కంచంలోనే ఉన్నదని గుర్తించడానికి ఇంకా అరవై డెబ్బై యేళ్ళు పట్టింది.

తమిళదేశంలో కూడా జనం అన్నమే తింటారు. అక్కడ ఈ వ్యాధి ఎందుకు లేదు? తమిళులు ఎక్కువగా తినేది ఉప్పుడు బియ్యం, సర్కారు జిల్లాలవారు తినేది పచ్చి బియ్యం. ఈ చిన్న తేడాలోనే రహస్యమంతా ఉన్నది. కాని ఆ రహస్యం బయటపడింది మన దేశంలో కాదు, సముద్రాల అవతల.

రెండు ఓడల ప్రయాణం

1880 ప్రాంతంలో జపాను నౌకాదళంలో ఏటా సుమారు మూడింట ఒకవంతు నావికులు బెరిబెరితో పడకవేసేవారు. తకాకి కనెహిరో అనే నౌకాదళ వైద్యుడు లండనులో ఐదేళ్ళు చదివి 1880లో తిరిగివచ్చాడు. ఇంగ్లండులో ఈ జబ్బు ఎందుకు లేదని ఆలోచించాడు. తన నావికుల ఆహారం పరిశీలించగా అది దాదాపు అంతా తెల్లని బియ్యమే.

1882 డిసెంబరులో ర్యూజో అనే శిక్షణ నౌక న్యూజిలాండు, దక్షిణ అమెరికా, హవాయి దీవుల మీదుగా ప్రయాణానికి బయలుదేరింది. 272 రోజుల యాత్రలో 376 మంది సిబ్బందిలో 169 మందికి బెరిబెరి వచ్చింది, 25 మంది చనిపోయారు. తకాకి ప్రభుత్వాన్ని ఒప్పించి, 1884లో త్సుకుబా అనే మరొక నౌకను అదే మార్గంలో పంపించాడు. ఈసారి మాంసము, పాలు, రొట్టె, కూరలు ఆహారంలో చేర్చారు. 287 రోజుల తరువాత నౌక తిరిగివచ్చినపుడు రోగుల సంఖ్య ఇరవైకి లోపు, మరణాలు ఒక్కటీ లేవు. జబ్బుపడ్డవారు కొత్త ఆహారాన్ని సరిగా తిననివారే అని కూడా తేలింది.

మార్గము ఒకటే, కాలము ఇంచుమించు ఒకటే. మారినది ఆహారం ఒక్కటే. విజ్ఞానశాస్త్రంలో 'నియంత్రిత ప్రయోగం' అంటే ఏమిటో తరగతిలో బోధించడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. నావికులకు రొట్టె రుచించకపోవడంతో తరువాత బియ్యంలో బార్లీ కలిపి వండించారు. కొద్ది సంవత్సరాలలో నౌకాదళం నుంచి బెరిబెరి దాదాపు తొలగిపోయింది. తకాకి దీనికి చెప్పిన కారణం మాత్రం పూర్తిగా సరికాదు. మాంసకృత్తుల లోపమే వ్యాధికి మూలమని ఆయన భావించాడు. కారణం తప్పైనా నివారణ ఫలించింది.

పిడివాదానికి చెల్లించిన మూల్యం

నౌకాదళం నేర్చిన పాఠాన్ని జపాను పదాతిసైన్యపు వైద్యాధికారులు అంగీకరించలేదు. అది సూక్ష్మజీవుల యుగం. ప్రతి వ్యాధికీ ఒక క్రిమి ఉండాలన్న నమ్మకం బలంగా ఉండేది. జర్మనీలో చదివివచ్చిన మోరి రింతారో, అనగా ఓగాయి అనే పేరుతో గొప్ప నవలాకారుడుగా కీర్తి పొందిన వ్యక్తి, ఆ వాదాన్ని గట్టిగా సమర్థించినవారిలో ఒకడు.

1904లో రష్యాతో యుద్ధం మొదలైంది. సైనికునికి తెల్ల బియ్యం పెట్టడం గౌరవచిహ్నం. పల్లెలో ముతకగింజలు తిన్న బీదవాడు సైన్యంలో చేరి కడుపునిండా తెల్లన్నం తిన్నాడు. ఫలితంగా రెండు లక్షలకు పైగా సైనికులు బెరిబెరి పాలయ్యారు. సుమారు 27 వేల మంది మరణించారు. యుద్ధరంగంలో చనిపోయినవారు 47 వేల మంది. శత్రువు చంపిన ప్రతి ఇద్దరికీ ఒకరికంటె ఎక్కువమందిని కంచం చంపిందన్నమాట. 1905 మార్చిలో మాత్రమే సైన్యం బియ్యంలో బార్లీ కలపమని ఆజ్ఞ ఇచ్చింది. అప్పటికి త్సుకుబా నౌక తిరిగివచ్చి ఇరవై సంవత్సరాలు. తెలియకపోవడం ఒక నష్టం, తెలిసినదానిని కాదనడం అంతకు మించిన నష్టం.

సైనికుల అన్నం తిన్న కోళ్ళు

సుమత్రా దీవిలోని ఆచే ప్రాంతంలో 1873 నుంచి డచ్చివారు యుద్ధం చేస్తున్నారు. అక్కడి సేనలలో బెరిబెరి విజృంభించగా 1886లో ఒక పరిశోధక సంఘాన్ని జావాకు పంపారు. వారితో వచ్చి అక్కడే నిలిచిపోయిన యువవైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్. క్రిమికోసం వెదుకుతూ ఆయన కోళ్ళను పెంచాడు. 1889లో ఆ కోళ్ళకు విచిత్రంగా కాళ్ళు చచ్చుపడినవి. కొన్ని నెలలకు వాటంతట అవే కోలుకున్నవి. ఆరా తీస్తే సంగతి తెలిసింది. మొదట వాటికి సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం పెట్టారు. తరువాత వచ్చిన కొత్త వంటవాడు సైనికుల బియ్యం సైనికేతర కోళ్ళకు పెట్టనని నిరాకరించాడు. అప్పుడు పొట్టుతో కూడిన బియ్యం పెట్టగా అవి బాగుపడినవి.

ఈ సంగతి మనుషులలో నిజమా అని జావాలోని నూటికి పైగా జైళ్ళలో ఫోర్డర్‌మన్ అనే అధికారి లెక్కలు తీశాడు. తెల్లబియ్యం పెట్టిన జైళ్ళలో సుమారు 39 మంది ఖైదీలకు ఒకరు చొప్పున వ్యాధి కనిపించింది. ముడిబియ్యం పెట్టిన జైళ్ళలో పదివేలమందికి ఒకరు. ఇంత భేదం యాదృచ్ఛికం కాజాలదు. బియ్యంలో ఏదో విషం ఉన్నదనీ, తవుడు దానికి విరుగుడనీ ఐక్‌మన్ అనుకున్నాడు. ఆయన వారసుడు గ్రీన్స్ 1901లో అసలు విషయం చెప్పాడు. బియ్యంలో విషం లేదు, ఉండవలసినది పోయింది. తవుడులో ఉన్నది విరుగుడు కాదు, ఆహారంలో ఒక భాగం. 'ఉన్నదానివలన' గాక 'లేనిదానివలన' కూడా జబ్బు రావచ్చునన్న ఈ భావం వైద్యంలో ఒక మలుపు. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానం లభించింది. వెంకెబాక్ అనే హృద్రోగ నిపుణుడు ఆల్స్‌మేర్‌తో కలిసి బెరిబెరి గుండెను వివరంగా వర్ణించినది కూడా ఆ సంవత్సరమే.

కూట్ ముట్టడి

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ వరకు, ఇరాకులోని కూట్ పట్టణంలో బ్రిటిషు–ఇండియా సేనలను తురుష్కులు ముట్టడించారు. లోపల బ్రిటిషు సైనికులకు తెల్ల గోధుమపిండి రొట్టె పెట్టేవారు. వారిలో బెరిబెరి పుట్టింది. భారతీయ సిపాయిలు ముతక ఆటాతో రొట్టె చేసుకున్నారు. వారికి అది రాలేదు. ఐతే గుర్రపు మాంసం తినడానికి ఇష్టపడని సిపాయిలు, తాజా కూరలు కూడా లేక, సి విటమిను లోపంతో స్కర్వీ పాలయ్యారు. తెల్లపిండి అయిపోయి బ్రిటిషువారు కూడా ఆటానే తినవలసి వచ్చినప్పుడు వారి బెరిబెరి తగ్గింది. కరువు ముదిరినకొద్దీ ఒక జబ్బు తగ్గడం వింతగా ఉంటుంది. కాని గింజపై పొరలో ఏమున్నదో తెలిసినవానికి అది వింత కాదు.

యుద్ధం ముగిసిన 1918లోనే రాబర్ట్ మెకారిసన్ నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ సంస్థలో ఒకే గదిలో, బెరిబెరి విచారణ శాఖను మొదలుపెట్టాడు. అది 1928లో పోషకాహార పరిశోధనశాలలుగా మారింది, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. తెలుగు కోస్తాలో బెరిబెరికి పచ్చి మరబియ్యమే కారణమని నిరూపించిన కృషిలో మెకారిసన్‌కు, తరువాత ఆ సంస్థను నడిపిన ఐక్రాయిడ్‌కు పెద్ద వాటా ఉన్నది.

నెల్లూరులో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు

రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886లో నెల్లూరులో పుట్టాడు. తండ్రి అమెరికా బాప్టిస్టు మిషనరీ. బాల్యం దక్షిణ భారతంలో గడిచింది. తరువాత అమెరికాలో రసాయన శాస్త్రం చదివి ఫిలిప్పైన్సులోని మనీలాలో ఉద్యోగంలో చేరాడు. అక్కడి అమెరికా సైన్యపు స్థానిక దళాలలో ఏటా వందలమందికి బెరిబెరి వచ్చేది. సైనికుల ఆహారంలో తెల్లబియ్యానికి బదులు ముడిబియ్యము, చిక్కుడుజాతి గింజలు చేర్చగానే, 1911 నాటికి అది దాదాపు లేకుండా పోయింది. సైనిక వైద్యుడు వెడ్డర్ 1910లో విలియమ్స్‌కు తవుడు కషాయం ఇచ్చి, ఇందులో పసిపిల్లలను బ్రతికించే పదార్థం ఏదో వెతకమన్నాడు.

ఆ వెతుకులాట ఇరవైఆరు సంవత్సరాలు సాగింది. 1912లో ఫంక్ ఇటువంటి పదార్థాలకు విటమిను అని పేరు పెట్టాడు. 1926లో జావాలోనే యాన్సెన్, డొనాట్ అనేవారు దానిని స్ఫటికరూపంలో వేరుచేశారు. టెలిఫోను కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తూ, తీరికవేళలలో ఈ పరిశోధన సాగించిన విలియమ్స్ దాని అణునిర్మాణం తేల్చి, 1936లో కృత్రిమంగా తయారుచేశాడు. అణువులో గంధకం ఉన్నందువలన దానికి థయామిన్ అన్న పేరు వచ్చింది. తవుడు బస్తాలలో దాగిన మందు ఇప్పుడు సీసాలో దొరికింది.

రెండవ ప్రపంచ యుద్ధం

మందు ఉన్నంత మాత్రాన అది అందరికీ అందదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమైంది. ఛాంగి శిబిరంలోని యుద్ధఖైదీలకు రోజూ పెట్టినది తెల్లబియ్యమే. కొన్ని వారాలలోనే బెరిబెరి వచ్చింది. ఖైదీలలోని వైద్యులు తవుడు సంపాదించి నీళ్ళలో కలిపి తాగించారు, ఈస్టు పెంచారు, పెసలు దొరికినపుడు రోగులకు ముందుగా పెట్టారు. పుస్తకజ్ఞానం ప్రాణం నిలపడమంటే ఇదే.

సయాం–బర్మా రైలుమార్గం పనిలో సుమారు 12 వేల మంది యుద్ధఖైదీలు చనిపోయారు. వారికంటె ఎన్నోరెట్లు ఎక్కువగా ఆసియా కూలీలు చనిపోయారు. మలయా రబ్బరు తోటలనుంచి తరలించిన దక్షిణ భారతీయులు, ఎక్కువగా తమిళులు, కొందరు తెలుగువారు, వారిలో ఉన్నారు. కలరా, మలేరియా, విరేచనాలతోపాటు బెరిబెరి కూడా వారిని బలిగొన్నది. ఖైదీల శిబిరాలలో వైద్యులైనా ఉన్నారు. ఈ కూలీల శిబిరాలలో చాలాచోట్ల వైద్యం చేసేవారే లేరు.

1942లోనే ఫిలిప్పైన్సులోని బతాన్ ప్రాంతం ఘోరయుద్ధానికి, ఖైదీల మృత్యుయాత్రకు రంగస్థలమైంది. యుద్ధం ముగిశాక, 1948లో, అదే బతాన్‌లో హువాన్ సాల్సెడో అనే వైద్యుడు, విలియమ్స్ కలిసి ఒక పెద్ద ప్రయోగం జరిపించారు. థయామిన్ మొదలైనవి పట్టించిన బియ్యపు గింజలు తయారుచేసి, మామూలు బియ్యం రెండువందల పాళ్ళకు ఒక పాలు చొప్పున కలిపి, కొన్ని పట్టణాలలో అమ్మించారు. మిగిలిన పట్టణాలలో మామూలు బియ్యమే. బలవర్ధక బియ్యం తిన్న చోట్ల బెరిబెరి మరణాలు చాలా వేగంగా తగ్గినవి, తక్కినచోట్ల అట్లా తగ్గలేదు. 1952లో ఫిలిప్పైన్సు ప్రభుత్వం దీనిని చట్టం చేసింది. కాని ఆ చట్టం సరిగా అమలు కాలేదు. కలపవలసిన గింజల లెక్కను బట్టి తాము ఆడించిన బియ్యం లెక్క, దానిని బట్టి పన్ను లెక్క బయటపడుతుందని మిల్లుదారులు వెనుకాడారు. ప్రజారోగ్యం ప్రయోగశాలలో గెలిచి బజారులో ఓడిపోవడానికి ఇదొక ఉదాహరణ.

మన తాలూకాలు

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 1946 నుంచి 1951 వరకు నల్లగొండ జిల్లా సాయుధపోరాట రంగంగా ఉన్నది. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు దానికి ముఖ్యకేంద్రాలు. యుద్ధకాలంలో మొదలైన లెవీ ధాన్యం వసూళ్ళు రైతును కుంగదీసినవి. రజాకార్ల దాడులకు ఊళ్ళు విడిచి ఎందరో సరిహద్దు దాటి కృష్ణాజిల్లా చేరారు. 1948 సెప్టెంబరులో విజయవాడ వైపునుంచి బయలుదేరిన భారత సేన కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగానే నడిచింది.

ఆ కష్టకాలంలో ఇక్కడి పేదవాని తిండి ఏది? జొన్నరొట్టె, జొన్నగటక, అంబలి, దొరికినప్పుడు కందిపప్పు. పాతరలో దాచిన జొన్నలు తీసి ఇంటిలో విసుర్రాయి మీద విసురుకునేవారు. వరి కొద్దిపాటి చెరువుల కింద మాత్రమే పండేది. అన్నం పండుగనాటి వంటకం, అదికూడా రోకటితో దంచిన బియ్యం. ఆకలి ఉన్నది, రక్తహీనత, చలిజ్వరం ఉన్నవి. కాని జొన్నలో, దంపుడు బియ్యంలో థయామిన్ నిలిచి ఉంటుంది కనుక బెరిబెరికి అవసరమైన నేల ఇక్కడ లేదు. వైద్యగ్రంథాలు తెలుగుదేశంలో ఆ వ్యాధికి చోటు చెప్పినపుడల్లా వరిమరలు విస్తరించిన కోస్తానే చూపడం గమనించదగినది.

అంకెలు చూడండి. జాతీయ పోషకాహార సంస్థ చాలాకాలం ప్రచురించిన పట్టికల ప్రకారం, వంద గ్రాములలో థయామిన్ మరపట్టిన పచ్చిబియ్యంలో 0.06 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యంలో 0.21, మరపట్టిన ఉప్పుడు బియ్యంలో 0.21, జొన్నలలో 0.37, కందిపప్పులో 0.45, వేరుసెనగలో 0.90, తవుడులో 2.70. రోజుకు అరకిలో తెల్లబియ్యం తప్ప మరేమీ తినని మనిషికి లభించేది 0.30 మిల్లీగ్రాములు. రెండు మూడుమార్లు కడిగి, గంజి వారిస్తే అందులోనూ చాలా భాగం నీళ్ళపాలవుతుంది. అరకిలో జొన్నలనుంచి లభించేది 1.85 మిల్లీగ్రాములు. ఈ లెక్కను విద్యార్థులచేత కట్టించి, తమ ఇంటి తిండికి అన్వయించి చూడమనడం మంచి అభ్యాసం.

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో నీరు విడుదలైంది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములు వరిమాగాణులైనవి. జొన్నచేలు తగ్గినవి, మిల్లులు పెరిగినవి. ఒక తరం లోపలనే గటక తిన్న ఇల్లు సన్నబియ్యపు అన్నానికి మారింది. ఇది పేదవానికి గౌరవం తెచ్చిన మార్పు, దానిని తప్పుపట్టరాదు. పప్పు, కూర, పాలు, గుడ్డు తోడైన కంచంలో తెల్లన్నం వలన బెరిబెరి రాదు. ప్రమాదం ఉన్నది ఒట్టి అన్నమే మిగిలిన కంచంలో.

మిర్యాలగూడ మిల్లులలో వేసవిపంట వడ్లు ఎక్కువగా ఉప్పుడు బియ్యమే అవుతవి. వేసవిపంట గింజ పచ్చిగా ఆడిస్తే నూక అవుతుంది గనుక ఈ పద్ధతి. వడ్లను వేడినీటిలో నానవేసి, ఆవిరిపట్టి, ఎండబెట్టి, ఆ తరువాత మర ఆడిస్తారు. నానినప్పుడు గింజపై పొరలోను, అంకురం వద్దను ఉన్న థయామిన్ నీటిలో కరిగి లోపలికి దిగుతుంది. ఆవిరిపట్టినప్పుడు పిండి ఉడికి జిగురై దానిని లోపల బంధిస్తుంది. తరువాత తవుడు రాలిపోయినా విటమిను గింజలోనే మిగులుతుంది. నూక తగ్గించడానికి చేసే పని గుండెకు కూడా రక్ష అవుతున్నది. ఐతే మన ప్రాంతంవారికి ఆ వాసన, ఆ రంగు గిట్టవు. ఆ బియ్యం ఎక్కువగా ఇతర రాష్ట్రాలకు పోతుంది. 2021–22లో కేంద్రం ఉప్పుడు బియ్యం కొనుగోలు చేయబోననడంతో తలెత్తిన వివాదంలో ధర, గిడ్డంగి, వినియోగం అన్నీ చర్చకు వచ్చినవి. అందులో దాగిన విటమినును తలచినవారు తక్కువ.

శరణార్థి శిబిరాలు నేర్పిన పాఠం

ఇది ముగిసిపోయిన కథ కాదు. 1990 తరువాత భూటాను విడిచి నేపాలు చేరిన శరణార్థులకు మొదట తెల్లబియ్యం పంచగా బెరిబెరి కనిపించింది. తరువాత ఉప్పుడు బియ్యమూ, బలవర్ధక పిండీ ఇచ్చారు. బర్మానుంచి వచ్చి థాయిలాండు సరిహద్దు శిబిరాలలో ఉన్న కరెన్ జాతి తల్లులలో థయామిన్ తక్కువై, చనుబాలు తాగే రెండు మూడు నెలల పసికందులు హఠాత్తుగా గుండె ఆగి చనిపోయారు. శిబిరంలోనే వ్యాధిని గుర్తించి తల్లులకు, పిల్లలకు విటమిను ఇచ్చిన తరువాత ఆ మరణాలు తగ్గినవి. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితులలో థయామిన్ లోపాన్ని నివారించడానికి ప్రత్యేకంగా ఒక మార్గదర్శి ప్రకటించింది.

యుద్ధం గుండెను మరొక దారిలో కూడా దెబ్బతీస్తుంది. 1941–44 నాటి లెనిన్‌గ్రాడు ముట్టడిలో తీవ్రమైన ఆకలికాలం గడిచిన తరువాత, అధిక రక్తపోటు రోగులు ఆసుపత్రులలో ఒక్కసారిగా పెరిగారు. నేడు యుద్ధంవలన ఇల్లు విడిచినవారిలో రక్తపోటు, చక్కెరవ్యాధి మందులు ఆగిపోయి గుండెపోటు పాలయ్యేవారు ఎందరో. అందుకే 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి దీర్ఘవ్యాధుల మందులను కూడా అత్యవసర సహాయపు పెట్టెలలో చేర్చింది. ఈ జబ్బులకు తవుడు మందు కాదు. వాటికి వేళతప్పని మాత్ర, ఉప్పు తగ్గించడం, పొగాకు మానడం కావాలి. రెండింటికీ సమానమైన సూత్రం ఒకటే: జబ్బు వచ్చిన తరువాత వెతకడం గాక, సరఫరా బస్తా కట్టేటప్పుడే గుండెను తలచుకోవాలి.

మన దేశంలో 2021లో ప్రకటించిన పథకం కింద చౌకధరల దుకాణాల బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి–12 విటమిను కలపడం తప్పనిసరి చేశారు. థయామిన్ మాత్రం ఐచ్ఛికాల జాబితాలో ఉండిపోయింది. మామూలు రోజులలో ఇది పెద్ద లోపంగా కనబడకపోవచ్చు. వరదలోనో, యుద్ధంలోనో పప్పూ కూరా కరువై, నెలలతరబడి తెల్లన్నమే మిగిలినపుడు ఆ తేడా ప్రాణాల లెక్కలో కనబడుతుంది. సహాయక శిబిరానికి బియ్యం పంపేవారు ఎన్ని బస్తాలు అని అడగడం సహజం. ఏ బియ్యం, దాని తోడు ఏ పప్పు అని కూడా అడగాలి. ర్యూజో నౌకమీద చనిపోయిన 25 మంది మనకు నేర్పినది ఇదే. మిర్యాలగూడ మిల్లు చూడడానికి విద్యార్థులను తీసుకువెళ్ళే ఉపాధ్యాయుడు అక్కడి తవుడు బస్తాను, ఉప్పుడు బియ్యపు రాశిని చూపి ఈ చరిత్ర చెప్పవచ్చును.